యూరియా 46, డీఏపీ 46: ఈ రెండు అంకెలూ ఒకటి కావు

యూరియా బస్తా మీద 46 శాతం నత్రజని అని ఉంటుంది. డీఏపీ (డై అమ్మోనియం ఫాస్ఫేట్) బస్తా మీద 18-46-0 అని ఉంటుంది, అంటే వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. రెండింటిలోనూ 46 కనబడుతుంది, రెండూ బరువు ప్రకారం కట్టిన శాతాలే. అయినా యూరియా బస్తాలో నత్రజని నిజంగానే 46 శాతం ఉంటే, డీఏపీ బస్తాలో భాస్వరం 20 శాతమే ఉంటుంది. లేబుల్ అబద్ధం చెప్పడం లేదు. మొదటిది మూలకం శాతం, రెండోది మూలకాన్ని ఆక్సైడ్‌గా, అంటే ఆక్సిజన్‌తో కలిసిన రూపంగా, మార్చి చెప్పిన శాతం.

2025 ఖరీఫ్‌లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రైతులు యూరియా కోసం క్యూలు కట్టారు. అలాంటప్పుడు "అది దొరక్కపోతే ఇది వేయండి" అన్న సలహా ప్రతి దుకాణంలోనూ వినబడుతుంది. ఒక ఎరువుకు బదులు ఇంకోటి ఎంత వేయాలో తేల్చేది ఇంటర్మీడియట్ రసాయన శాస్త్రంలో వచ్చే భార శాతం లెక్కే.

భార శాతం అంటే

ఒక సమ్మేళనాన్ని 100 గ్రాములు తీసుకుంటే అందులో ఫలానా మూలకం ఎన్ని గ్రాములు ఉంటుందో అదే ఆ మూలకం భార శాతం. స్వచ్ఛమైన సమ్మేళనంలో ఈ అంకె మారదు. రామగుండంలో తయారైనా, ఓడలో కాకినాడ రేవుకు వచ్చినా యూరియా యూరియానే. సమ్మేళనంలో మూలకాలు ఎప్పుడూ ఒకే బరువు నిష్పత్తిలో కలుస్తాయని ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ ప్రూస్ట్ 18వ శతాబ్దం చివర్లో చూపించాడు. ఈ స్థిరానుపాత నియమం లేకపోతే బస్తా మీద శాతం ముద్రించడానికి అర్థమే ఉండేది కాదు.

లెక్కకు కావలసినవి రెండే: అణువులో ఏ మూలకం పరమాణువులు ఎన్ని ఉన్నాయి, ఒక్కో మూలకం పరమాణు భారం ఎంత. మూలకం పరమాణు భారాన్ని పరమాణువుల సంఖ్యతో హెచ్చించి, మొత్తం అణుభారంతో భాగించి, 100తో హెచ్చిస్తే శాతం వస్తుంది.

యూరియా లెక్క

యూరియా అణువులో ఒక కార్బన్, ఒక ఆక్సిజన్, రెండు నత్రజని, నాలుగు హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. పరమాణు భారాలు: కార్బన్ 12.011, ఆక్సిజన్ 15.999, నత్రజని 14.007, హైడ్రోజన్ 1.008.

కార్బన్: 1 × 12.011 = 12.011
ఆక్సిజన్: 1 × 15.999 = 15.999
నత్రజని: 2 × 14.007 = 28.014
హైడ్రోజన్: 4 × 1.008 = 4.032
అణుభారం: 60.056

నత్రజని శాతం = 28.014 ÷ 60.056 × 100 = 46.65. ఇదే పద్ధతిలో ఆక్సిజన్ 26.64, కార్బన్ 20.00, హైడ్రోజన్ 6.71 శాతం. నాలుగూ కూడితే సరిగ్గా 100.

పరీక్షలో 12, 16, 14, 1 అని పూర్ణాంకాలు తీసుకుంటే అణుభారం 60, నత్రజని 46.67 శాతం వస్తుంది. ఈ తేడాతో పొలంలో ఏమీ మారదు. అయితే క్లోరిన్‌ను మాత్రం 35 అనో 36 అనో సవరించకూడదు, 35.45 గానో కనీసం 35.5 గానో ఉంచాలి.

మొత్తం 100 వచ్చినా లెక్క తప్పు కావచ్చు

విద్యార్థులు ఎక్కువగా చేసే తప్పు పరమాణు భారానికి బదులు పరమాణు సంఖ్య వాడడం. యూరియానే అలా కట్టి చూద్దాం. కార్బన్ 6, ఆక్సిజన్ 8, రెండు నత్రజనులకు 14, నాలుగు హైడ్రోజన్లకు 4. మొత్తం 32. నత్రజని శాతం 14 ÷ 32 × 100 = 43.75.

జవాబు అసలైనదానికి దగ్గరగానే ఉంది కాబట్టి అనుమానం రాదు. పైగా ఈ తప్పు లెక్కలోనూ అన్ని శాతాలూ కూడితే 100 వస్తుంది. "మొత్తం 100 వచ్చిందా చూసుకో" అన్న సలహా కూడికలో, భాగహారంలో జరిగిన పొరపాట్లను పట్టిస్తుందే తప్ప మొదట తీసుకున్న అంకెలు తప్పైతే పట్టించలేదు. ఫార్ములా తప్పు రాసుకున్నా అంతే.

ఇంకో తప్పు పరమాణువులను లెక్కపెట్టి శాతం కట్టడం. యూరియాలో ఎనిమిది పరమాణువులకు రెండు నత్రజనివి కాబట్టి 25 శాతం అనడం సంఖ్య ప్రకారం నిజమే. తూకం వేసేటప్పుడు దాంతో పని లేదు. ఇక బ్రాకెట్ల సంగతి: అమ్మోనియం సల్ఫేట్‌లో అమ్మోనియం గుంపు రెండుసార్లు వస్తుంది. బ్రాకెట్ బయటి 2 లోపలి నత్రజనికీ వర్తిస్తుంది, హైడ్రోజన్‌కూ వర్తిస్తుంది. అంటే నత్రజనులు 2, హైడ్రోజన్లు 8. సరిగ్గా కడితే నత్రజని 21.2 శాతం వస్తుంది.

46.65 బస్తాలోకి వచ్చేసరికి 46 ఎందుకైంది

46.65 స్వచ్ఛమైన యూరియా అంకె. కర్మాగారం నుంచి వచ్చే గుళికలో కొద్దిగా తేమ, కొద్దిగా బైయురెట్ అనే మరో పదార్థం ఉంటాయి. యూరియాను వేడిగా కరిగించి గుళికలు కట్టేటప్పుడు రెండు యూరియా అణువులు కలిసి, ఒక అమ్మోనియా విడిపోతే బైయురెట్ తయారవుతుంది. మన దేశంలో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 ప్రకారం యూరియాలో తేమ 1 శాతం, బైయురెట్ 1.5 శాతం మించకూడదు, నత్రజని కనీసం 46 శాతం ఉండాలి.

రెండు మలినాలూ గరిష్ఠంగా ఉన్నాయనుకుందాం. అప్పుడు 100 కిలోల్లో యూరియా 97.5 కిలోలు. దాన్నుంచి నత్రజని 45.48 కిలోలు. బైయురెట్‌లోనూ 40.76 శాతం నత్రజని ఉంటుంది కాబట్టి 1.5 కిలోల నుంచి మరో 0.61 కిలో. మొత్తం 46.09. కనీసం 46 అన్న షరతు అప్పటికీ నెగ్గింది.

ఇక్కడే జాగ్రత్తగా చూడాల్సిన విషయం ఒకటుంది. బైయురెట్ పైరుకు హాని చేస్తుంది, ముఖ్యంగా యూరియాను నీళ్లలో కలిపి ఆకుల మీద పిచికారీ చేసినప్పుడు. కానీ దానిలో కూడా నత్రజని ఉండడం వల్ల మొత్తం నత్రజని శాతం పెద్దగా పడిపోదు. మొత్తం నత్రజని మాత్రమే కొలిస్తే బైయురెట్ ఎక్కువైన సరుకు దొరక్కుండా తప్పించుకోవచ్చు. అందుకే ప్రమాణంలో దానికి విడిగా పరిమితి పెట్టారు.

డీఏపీలో అసలు లేని ఆక్సైడ్

డై అమ్మోనియం ఫాస్ఫేట్ అణువులో రెండు నత్రజని, తొమ్మిది హైడ్రోజన్, ఒక భాస్వరం, నాలుగు ఆక్సిజన్ పరమాణువులు. భాస్వరం పరమాణు భారం 30.974. మొత్తం అణుభారం 132.056. నత్రజని 21.21 శాతం, భాస్వరం 23.46 శాతం.

మరి బస్తా మీద భాస్వరానికి 46 ఎక్కడి నుంచి వచ్చింది? ఎరువుల రంగంలో భాస్వరాన్ని భాస్వరం పెంటాక్సైడ్‌గా, పొటాషియంను పొటాషియం ఆక్సైడ్‌గా మార్చి చెబుతారు. 19వ శతాబ్దంలో రసాయన శాస్త్రవేత్తలు మొక్కల బూడిదనూ ఖనిజాలనూ విశ్లేషించి, ఫలితాలను ఆక్సైడ్ల బరువుగా రాసేవారు. ఆ అలవాటు లేబుళ్లలో, చట్టాల్లో అలాగే నిలిచిపోయింది. డీఏపీ గుళికలో భాస్వరం పెంటాక్సైడ్ అనే పదార్థం లేనే లేదు. ఉన్న భాస్వరమంతా ఆ ఆక్సైడ్ రూపంలో ఉంటే ఎంత తూగుతుందో చెప్పే అంకె అది.

మార్పిడి గుణకం కూడా భార శాతం లెక్కే. భాస్వరం పెంటాక్సైడ్‌లో రెండు భాస్వరం (61.948), ఐదు ఆక్సిజన్ (79.995), మొత్తం 141.943. అందులో భాస్వరం 43.64 శాతం. కాబట్టి లేబుల్ అంకెను 0.4364తో హెచ్చిస్తే అసలు భాస్వరం వస్తుంది. 46 × 0.4364 = 20.08. వెనక్కి వెళ్లాలంటే 2.291తో హెచ్చించాలి.

స్వచ్ఛమైన డీఏపీకి ఇలా కడితే 23.46 × 2.291, అంటే 53.7. అంటే దాని మీద 21-53-0 అని ముద్రించవచ్చు. బస్తాలో 18-46-0 ఉంది. 18ని 21.21తో భాగించినా, 46ని 53.74తో భాగించినా సుమారు 85 శాతమే వస్తుంది. రెండు వైపుల నుంచీ ఒకే జవాబు రావడం చూడముచ్చటగా ఉంటుంది. మిగతా 15 శాతం తేమ, రాక్ ఫాస్ఫేట్ అనే భాస్వరపు రాయి నుంచి తీసే ఫాస్ఫారిక్ ఆమ్లంతోపాటు వచ్చే ఇనుము, అల్యూమినియం, మెగ్నీషియం లవణాల వంటివి.

మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ సంగతి ఇంకా విచిత్రం. అది పొటాషియం క్లోరైడ్. అందులో పొటాషియం, క్లోరిన్ తప్ప ఆక్సిజన్ అన్నదే ఉండదు. అయినా బస్తా మీద 60 శాతం అని ఆక్సైడ్ లెక్కే ఉంటుంది. పొటాషియం ఆక్సైడ్‌లో పొటాషియం 83.0 శాతం కాబట్టి అసలు మూలకం 60 × 0.830 = 49.8 శాతం.

ఈ పద్ధతి మార్చాలా?

మార్చాలనేవారి వాదన సూటిగా ఉంటుంది. ఒకే బస్తా మీద నత్రజనిని మూలకంగా, భాస్వరాన్ని ఆక్సైడ్‌గా చెప్పడం చదివేవాణ్ని అయోమయంలో పడేస్తుంది. పరిశోధన పత్రాల్లో మూలకం లెక్కే ఎక్కువగా వాడతారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఎరువుల లేబుళ్ల మీదా మూలకాల శాతమే ఉంటుంది, అక్కడ ఎవరికీ ఇబ్బంది రాలేదు.

వద్దనేవారి వాదననూ కొట్టిపారేయలేం. మన దగ్గర పంటల సిఫార్సులు, ఎరువుల ప్రమాణాలు, 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న పోషకాధారిత రాయితీ పథకంలో కిలోకు ఇంత అని కట్టే భాస్వరం, పొటాష్ రాయితీలు, అన్నీ ఆక్సైడ్ లెక్క మీదే నడుస్తున్నాయి. రేపటి నుంచి డీఏపీ బస్తా మీద 18-20-0 అని వస్తే సరుకు సగానికి సగం నాసిరకమైందని రైతు అనుకోవడంలో తప్పేముంది? పాత సిఫార్సుతో కొత్త బస్తా కొంటే మోతాదులు తలకిందులవుతాయి. రెండు అంకెలనూ పక్కపక్కన ముద్రించడం మధ్యేమార్గం. నా మట్టుకు అదే మేలనిపిస్తుంది.

సిఫార్సును బస్తాల్లోకి మార్చడం

వరికి ఎకరాకు 48-24-16 కిలోల నత్రజని, భాస్వరం, పొటాష్ వేయమన్నారనుకుందాం. మన సిఫార్సుల్లో భాస్వరం, పొటాష్ అంటే ఆక్సైడ్ లెక్కే కాబట్టి లేబుల్ అంకెలతో నేరుగా కట్టొచ్చు. భాస్వరంతో మొదలుపెట్టాలి, ఎందుకంటే డీఏపీ వేస్తే దాంతోపాటు కొంత నత్రజని కూడా వస్తుంది.

భాస్వరం: 24 ÷ 0.46 = 52.2 కిలోల డీఏపీ.
దాన్నుంచి వచ్చే నత్రజని: 52.2 × 0.18 = 9.4 కిలోలు.
మిగిలిన నత్రజని: 48 − 9.4 = 38.6 కిలోలు. యూరియా: 38.6 ÷ 0.46 = 83.9 కిలోలు.
పొటాష్: 16 ÷ 0.60 = 26.7 కిలోలు.

యూరియా బస్తా ఇప్పుడు 50 కిలోలు కాదు, 45 కిలోలు. కాబట్టి 83.9 కిలోలంటే రెండు బస్తాలకు కాస్త తక్కువ. పాత అలవాటుతో బస్తా 50 కిలోలనుకుంటే బస్తాకు 2.3 కిలోల నత్రజని తగ్గిపోతుంది.

ఇప్పుడు ఇదే 24ను ఎవరైనా మూలకం అనుకున్నారనుకోండి. 24 ÷ 0.2008, అంటే 119.5 కిలోల డీఏపీ. అవసరానికి రెండింతలు దాటింది. 50 కిలోల బస్తా 1,350 రూపాయల చొప్పున 67 కిలోలు అదనం, ఎకరాకు 1,800 రూపాయలకు పైగా వృథా. డబ్బుతో పోయేది కాదు, నేలలో భాస్వరం ఎక్కువైతే పైరుకు జింక్ అందడం కూడా తగ్గుతుంది.

ఒకే సంచి మీద రెండు కొలతలు

మన పొలాల్లో బాగా వాడే 20-20-0-13 కాంప్లెక్స్ చూడండి. మొదటి 20 నత్రజని, మూలకం. రెండో 20 భాస్వరం, ఆక్సైడ్. చివరి 13 గంధకం, మళ్లీ మూలకం. ఐరోపా లేబుళ్లలో గంధకాన్ని కూడా గంధక ట్రయాక్సైడ్‌గా రాస్తారు. గుణకం 2.497. మన 13 అక్కడ 32.5గా కనబడుతుంది. విదేశీ కంపెనీ కరపత్రం చూసి మన సంచిలో గంధకం తక్కువని తేల్చేసే ముందు ఇది చూసుకోవాలి.

గంధకం పూత పూసిన యూరియా గోల్డ్ విషయంలోనూ ఈ లెక్క పనికొస్తుంది. దానిలో నత్రజని 37, గంధకం 17 శాతం. 37ని 46.65తో భాగిస్తే యూరియా సుమారు 79 శాతం. దానికి 17 కలిపితే 96. మిగతా 4 శాతం పూతలోని ఇతర పదార్థాలకూ తేమకూ సరిపోతుంది, కాబట్టి లేబుల్ అంకెలు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయి. 40 కిలోల సంచి ధర 266.50 రూపాయలు, 45 కిలోల మామూలు యూరియాదీ అదే ధర. మామూలు బస్తాలో నత్రజని 20.7 కిలోలైతే, గోల్డ్ సంచిలో 14.8 కిలోలు, దాంతోపాటు 6.8 కిలోల గంధకం. నేలలో గంధకం లోపం ఉన్న రైతుకు ఒక లెక్క, లేని రైతుకు ఇంకో లెక్క.

జింక్ సల్ఫేట్: నీళ్ల బరువు

స్ఫటిక జలాన్ని, అంటే స్ఫటికంలో ఇమిడి ఉండే నీటిని, మరిచిపోవడం తరగతి గదిలోనూ దుకాణంలోనూ జరిగే పొరపాటే. జింక్ సల్ఫేట్ రెండు రూపాల్లో దొరుకుతుంది. ఒకదానిలో అణువుకు ఏడు నీటి అణువులు, ఇంకోదానిలో ఒకటి. జింక్ పరమాణు భారం 65.38, నీళ్లు లేని జింక్ సల్ఫేట్ అణుభారం 161.44, ఒక్కో నీటి అణువుకు 18.015.

ఏడు నీళ్లది: 161.44 + 126.11 = 287.55, జింక్ 22.74 శాతం.
ఒక నీరుది: 161.44 + 18.02 = 179.46, జింక్ 36.43 శాతం.

మార్కెట్లో ప్రమాణాలు వరుసగా 21, 33 శాతం. ఎకరాకు 20 కిలోల 21 శాతం రకం వేయమంటే అందులో జింక్ 4.2 కిలోలు. అదే జింక్ 33 శాతం రకంలో 12.7 కిలోల్లోనే వస్తుంది. అందుకే కిలో ధర చూసి ఏది చవకో చెప్పలేం, సంచి ధరను అందులోని జింక్ బరువుతో భాగించి చూడాలి.

జింక్ సల్ఫేట్‌లో కల్తీకి వాడేది ఎక్కువగా మెగ్నీషియం సల్ఫేట్. ఏడు నీళ్లతో అదీ తెల్లటి స్ఫటికమే, కంటికి తేడా తెలియదు. జింక్ మాత్రం సున్నా. ఎరువును నీళ్లలో కరిగించి కాస్టిక్ సోడా ద్రావణం కొద్దికొద్దిగా పోస్తే రెండూ తెల్లటి అవక్షేపం ఇస్తాయి. ఇంకా పోస్తూ పోతే జింక్‌ది తిరిగి కరిగిపోతుంది, మెగ్నీషియంది కరగదు.

శాతం చెప్పని సంగతులు

మూలకం ఎంత ఉందో భార శాతం చెబుతుంది, ఏ రూపంలో ఉందో చెప్పదు. రాక్ ఫాస్ఫేట్‌లోని ముఖ్య ఖనిజం ఫ్లోరోఅపటైట్. స్వచ్ఛమైన ఫ్లోరోఅపటైట్‌ను ఆక్సైడ్ లెక్కలో చెబితే 42.2 వస్తుంది, డీఏపీ 46కు దగ్గర్లోనే. కానీ అది నీళ్లలో దాదాపు కరగదు, ఆమ్ల నేలల్లో తప్ప పైరుకు అందడం కష్టం. 16 శాతమే ఉన్న సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ దానికంటే త్వరగా పని చేస్తుంది. అందుకే ఎరువుల ప్రమాణాల్లో నీటిలో కరిగే భాస్వరాన్ని విడిగా పేర్కొంటారు.

ఇదే లోపాన్ని ఎంత ఘోరంగా వాడుకోవచ్చో 2008లో చైనా పాలపొడి ఉదంతం చూపించింది. ఆహారంలో మాంసకృత్తులను నేరుగా కొలవకుండా, నత్రజని శాతాన్ని కొలిచి 6.25 వంటి గుణకంతో హెచ్చించడం మామూలు పద్ధతి. మెలమైన్ అనే పారిశ్రామిక రసాయనంలో నత్రజని 66.6 శాతం. ఆ గుణకంతో కడితే మాంసకృత్తులు 416 శాతం అని వస్తుంది. నీళ్లు కలిపిన పాలలో చిటికెడు కలిపినా పరీక్షలో చిక్కదనం కనబడింది. పసిపిల్లల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, ప్రాణాలూ పోయాయి.

భూసార పరీక్ష కాగితంలో ఒక అక్షరం

ఆక్సైడ్, మూలకం గొడవ బస్తాతో ఆగదు. భూసార పరీక్ష ఫలితాల్లో "లభ్య భాస్వరం హెక్టారుకు 20 కిలోలు" అని ఉందనుకుందాం. సాధారణంగా వాడే కొలమానంలో మూలక భాస్వరం 10 కిలోల లోపైతే తక్కువ, 10 నుంచి 25 మధ్యస్థం, ఆపైన ఎక్కువ. ఆ 20 మూలకమైతే నేల మధ్యస్థం. ఆక్సైడైతే అసలు భాస్వరం 20 × 0.4364 = 8.7 కిలోలే, నేల తక్కువ కోవలోకి పోతుంది. ఒకే అంకెకు రెండు సిఫార్సులు వస్తాయి. కాగితంలో ఇంగ్లిషు అక్షరం పీ ఒక్కటే ఉందా, దాని పక్కన 2, ఓ, 5 కూడా ఉన్నాయా చూడాలి. అది లేకుండా "భాస్వరం" అని మాత్రమే ఉంటే, మోతాదు కట్టే ముందు పరీక్ష చేసినవారినే అడిగి తేల్చుకోవాలి.